కొండ వైపు నుంచి ఆరు బంతులు

డిసెంబర్ 1, ఆదివారం

ఈ రోజు ఒక తిక్క పని చేశాను. ఇప్పుడే రాసి పెట్టుకోవాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

సింహళ భాషలో పూజ అయ్యాక చర్చి హాల్లో మా సంఘం మీటింగ్. డిసెంబర్ 26 క్రికెట్ టోర్నమెంట్ కోసం. ఇక్కడ ఇటలీలో, నేపుల్స్‌లో ఉన్న శ్రీలంక వాళ్లకి క్రిస్మస్ ఒక ఎత్తు, మర్నాటి ఈ టోర్నమెంట్ ఒక ఎత్తు. సంఘం పెద్ద ఎమిల్ అన్న జట్ల పేర్లు చదివాడు. ఏడు జట్లు, అన్నీ అక్కడి మా ఊళ్ల పేర్లే. ఆ తర్వాత వంట కమిటీ. మొదటి పేరు నాదే. ప్రసాదిని, నూట ముప్పై అన్నం పొట్లాలు. ఇది తొమ్మిదో ఏడు. ఇన్నేళ్లలో ఆ టోర్నమెంట్‌లో ఒక్క ఓవరు కూడా నేను పూర్తిగా చూడలేదు. అరిటాకులు తుడవడమే సరిపోయేది.

అప్పుడు దిలాని లేచింది. ఇరవై ఐదేళ్లు ఉంటాయి, ఒక డాక్టరుగారింట్లో కవల పిల్లల్ని చూసుకుంటుంది. ఏడు జట్లుంటే ఒకరికి ఆడకుండానే రెండో రౌండు ఇవ్వాలి, ప్రతి ఏడూ చీటీ తీస్తే ఆ అదృష్టం మీ జట్టుకే పడుతోంది ఎమిల్ అన్నా, అదేం చీటీయో మాకు తెలీదు, ఎనిమిదో జట్టు ఆడవాళ్లది రాసుకో, లెక్క సరిపోతుంది అంది. హాలంతా నవ్వు. ఎమిల్ అన్న కూడా నవ్వాడు. బ్యాటుదేముంది, గరిటె తిప్పినట్టు ఎవరైనా తిప్పుతారు, బౌలింగ్ ఎవరు వేస్తారు తల్లీ అన్నాడు.

నా చేయి లేచింది.

అందరూ నా వైపు తిరిగారు. తొమ్మిదేళ్ల కిందట స్టేషనులో రైలు దిగితే నా పెట్టె అందుకున్నది ఎమిల్ అన్నే. సిన్యోరా అంటే ఇక్కడ అమ్మగారు; ఆ ముసలావిడ సిన్యోరా అస్సుంత ఇంట్లో ఉండి చూసుకునే ఈ పని కుదిర్చిందీ ఆయనే. నన్ను చూసి ఆయన నవ్వడం ఆపేశాడు. వచ్చే ఆదివారంలోగా ఎనిమిది మంది పేర్లు తెండి, రాసుకుంటా అన్నాడు.

డిసెంబర్ 3, మంగళవారం

మా ఊరు మారవిల నుంచి ఫోన్. మా అమ్మాయి హిరుని స్కూల్లో ఈ ఏడు ఆడపిల్లల క్రికెట్ జట్టు పెడుతున్నారట. ఫారం మీద సంతకం కావాలి. నాయనమ్మ ఒద్దందట. ఎండలో ఆడితే పిల్ల నల్లబడుతుంది, రేపు ఎవరడుగుతారు అని. మా ఆయన నిమల్ మామూలుగానే మీ అమ్మనడుగు అని తప్పించుకున్నాడు.

నేను ఒద్దన్నాను. వచ్చే ఏడు పెద్ద పరీక్ష ఉంది, పుస్తకాలు చూసుకో అన్నాను. పద్నాలుగేళ్ల పిల్ల. సరే అమ్మా అని పెట్టేసింది.

నేను ఇక్కడ చేయెత్తిన సంగతి చెప్పలేదు.

డిసెంబర్ 5, గురువారం

గురువారం మధ్యాహ్నం మాకందరికీ సెలవు. పాత బస్సులు నిలిపే మైదానానికి ఆరుగురం వచ్చాం. టెన్నిస్ బంతికి నల్ల టేపు చుట్టి దిలాని నా చేతిలో పెట్టింది.

ఇరవై నాలుగేళ్ల తర్వాత నేను వేసిన మొదటి బంతి దిలాని తల మీంచి పోయి ఒక స్కూటరు అద్దానికి తగిలింది. రెండోది నా కాళ్ల దగ్గరే పడింది. మూడోది ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. మాకు అది ఒక్కటే బంతి కాబట్టి అందరం వెతికాం.

మా అన్నలు ముగ్గురూ కొబ్బరితోటలో ఆడుకునేవాళ్లు. నాకు బ్యాటు ఎప్పుడూ ఇవ్వలేదు. నువ్వు వెయ్యి, మేం కొడతాం అనేవాళ్లు. ఎనిమిదేళ్ల వయసు నుంచి పదిహేడు దాకా వేస్తూనే ఉన్నాను. బ్యాటు ఇవ్వలేదన్న కసితో మణికట్టు తిప్పడం నేర్చుకున్నాను. లెగ్ బ్రేక్ అంటారని తర్వాత తెలిసింది. చివర్లో ముగ్గురూ అవుటైపోయేవాళ్లు. అవుటయ్యాక కూడా బ్యాటు ఇచ్చేవాళ్లు కాదు.

ఈ రోజు ముప్పై బంతులు వేస్తే నాలుగు పడాల్సిన చోట పడ్డాయి. నాలుగే. నాలుగోది తిరిగింది.

డిసెంబర్ 8, ఆదివారం

ఏడుగురం అయ్యాం. ఎనిమిదో మనిషి దొరకలేదు. ఒకామెకి భర్త ఒద్దన్నాడు, ఇంకొకామెకి యజమానురాలు. పూజ అయిపోయింది, ఎమిల్ అన్న పుస్తకం మూసేయబోతున్నాడు. వెనక బెంచీ నుంచి మాగ్దలీన్ అక్క, నా పేరు రాయి అంది. యాభై ఏడేళ్లు, రెండు మోకాళ్లూ నొప్పులు, ఫాదర్ గారింట్లో వంట చేస్తుంది. నువ్వు పరిగెత్తలేవు కదక్కా అన్నాడు ఎమిల్ అన్న. బంతి నా దగ్గరికే వస్తుందిలే, మీవాళ్లు కొట్టేదంతా గాల్లోకే కదా అంది.

చీటీలు తీశారు. ఈసారి దిలాని తీసింది. మొదటి రౌండులోనే మాకూ ఎమిల్ అన్న జట్టుకీ పడింది. గత మూడేళ్లుగా కప్పు వాళ్లదే.

మరి వంట సంగతి ఏమిటని ఎవరో అడిగారు. హాలు చప్పబడింది. మేమెవరం చేయి ఎత్తలేదు. చివరికి ఎమిల్ అన్న, అన్నం వండటం కూడా ఒక విద్యేనా, మేం చూసుకుంటాం అన్నాడు. మాగ్దలీన్ అక్క నా మోచేతిని గిల్లింది. ఇంకా ఎర్రగానే ఉంది.

డిసెంబర్ 9, సోమవారం

సిన్యోరాకి ఇంకా చెప్పలేదు.

డిసెంబర్ 12, గురువారం

వాన. ప్రాక్టీస్ లేదు. సిన్యోరా పడుకుంది కదా అని నడవాలో నారింజతో వేస్తున్నాను. అటు చివర బూట్ల స్టాండు నా వికెట్. పన్నెండో నారింజ వేసి తిరిగి చూస్తే, చేతికర్ర పట్టుకుని సిన్యోరా తలుపులో నిలబడి ఉంది.

ఆమె నలభై ఏళ్లు లెక్కల టీచరు. అబద్ధం చెబితే పట్టేస్తుంది. మొత్తం చెప్పేశాను. చివర్లో, 26న రెండు గంటలకి వెళ్లిపోతాను అన్నాను. ఆ రోజు మా మేనల్లుడి కుటుంబం భోజనానికొస్తోంది, పద్నాలుగు మంది, నీకు తెలుసు కదా అంది. తెలుసన్నాను. భోజనం ఒంటిగంటకి మొదలైతే నాలుగింటిదాకా వడ్డించాలి, అది కూడా తెలుసు కదా అంది. తెలుసన్నాను. ఆ రోజు గురువారం సిన్యోరా, రెండు తర్వాత నా పూట అన్నాను.

తొమ్మిదేళ్లలో ఆమెతో కాదని అనడం ఇదే మొదలు. ఇటాలియన్‌లోనే అన్నాను. అయినా వ్యాకరణం తప్పలేదు.

ఆమె గదిలోకి వెళ్లిపోయింది. నారింజలన్నీ నలిగిపోయాయి. రసం తీసి ఫ్రిజ్‌లో పెట్టాను.

డిసెంబర్ 13, శుక్రవారం

సిన్యోరా నాతో మాట్లాడటం లేదు. ఫ్రిజ్ మీద చీటీ: సూపులో ఉప్పెక్కువ.

డిసెంబర్ 14, శనివారం

చీటీ: సూపులో ఉప్పు తక్కువ.

డిసెంబర్ 15, ఆదివారం

ఈ రోజు వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పలేను, వేళ్లకి గుర్తొచ్చింది. సముద్రం గాలి ఎడమ నుంచి కొడుతుంటే కొండ వైపు నుంచి వేశాను. వెసూవియో అగ్నిపర్వతం నా వీపు వెనక. బంతి బ్యాటు దాకా వెళ్తున్నట్టే వెళ్లి పక్కకి జారిపోతోంది. దిలాని ప్రతిదీ పట్టుకుని వికెట్లు పడగొట్టడమే. కవలల్ని పట్టుకోవడం కంటే ఇది తేలిక అంటుంది.

ఒకమ్మాయి ఇదంతా ఫోనులో తీసింది. మైదానం చివర ఎమిల్ అన్న కారు ఆగి ఉంది. అద్దం దించలేదు. అరగంట ఉండి వెళ్లిపోయాడు.

డిసెంబర్ 19, గురువారం

ఎమిల్ అన్న ప్రాక్టీస్ దగ్గరికి వచ్చాడు. ఒక పెట్టెడు కేకులు తెచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. నిజంగానే మా మీద జాలితో మాట్లాడాడనుకుంటాను, అదే నచ్చలేదు. ఆయన చెప్పింది ఇది. మీరు డ్రాలోంచి తప్పుకోండి. ఫైనల్‌కి ముందు మీలో మీకే ఒక సరదా మ్యాచ్ పెడతాం, అందరూ చప్పట్లు కొడతారు, గెలిచినవాళ్లకి ప్రెషర్ కుక్కర్లు ఇస్తాం. మా కుర్రాళ్లు గట్టిగా కొడతారమ్మా, రేపు మీకు దెబ్బ తగిలితే మీ ఇళ్లవాళ్లకి నేనేం చెప్పాలి, పది పరుగులకి అవుటైతే ఊళ్లో మీ పరువేం కావాలి.

ఆయన వెళ్లాక అందరం బెంచీ మీద కూర్చున్నాం. ఇద్దరు అదే మేలన్నారు. నేను కూడా లోపల అదే అనుకున్నాను. రైలు దిగిన రోజు ఆయన నా పెట్టె మోసుకుంటూ మెట్లెక్కడం గుర్తొచ్చింది. ఆయన మాట తీసెయ్యడం ఎలా?

దిలాని ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంది. మాగ్దలీన్ అక్క ఒక కేకు తిని, ఇంకొకటి సంచిలో వేసుకుని, నాకు ఇంట్లో మూడు కుక్కర్లున్నాయి, నాలుగోది ఎక్కడ పెట్టుకోను అంది. అంతే. మళ్లీ బంతి తీసుకున్నాం.

ఎమిల్ అన్నకి నేనే ఫోన్ చేశాను. డ్రాలోనే ఉంటాం అన్నా, నీ మీద గౌరవం లేక కాదు అన్నాను. గౌరవం సంగతి సరే, హెల్మెట్లు లేవు, జాగ్రత్త అన్నాడు.

డిసెంబర్ 20, శుక్రవారం

ఫ్రిజ్ మీద చీటీ: 26న భోజనం ఒంటిగంటకి కాదు. పన్నెండుకి.

మూడుసార్లు చదివాను. ఈ ఊళ్లో పండగ పూట పన్నెండింటికి ఎవరూ భోంచేయరు. మేనల్లుడు ఫోన్ చేసి గొడవపెట్టుకున్నాడు. ఆకలేస్తే రా, లేకపోతే మానెయ్ అని సిన్యోరా పెట్టేసింది. నాతో మాత్రం ఇంకా మాట్లాడటం లేదు.

డిసెంబర్ 22, ఆదివారం

ఆ ప్రాక్టీస్ వీడియో మారవిల చేరింది. మా వీధంతా చూసిందట. నిమల్ నవ్వుతూనే ఫోన్ చేశాడు. మా అమ్మ నాలుగుసార్లు చూసింది, నాలుగుసార్లూ సిగ్గులేదు అంది, ఐదోసారి పెట్టమంది అన్నాడు.

తర్వాత హిరుని తీసుకుంది. పంతొమ్మిది రోజులుగా నాతో ముక్తసరిగానే మాట్లాడుతోంది. నువ్వు ఆడితే తప్పు లేదా అమ్మా అని అడిగింది. గొంతు పెంచలేదు. నీకు పరీక్షలు అని మొదలుపెట్టి ఆపేశాను. ఎందుకంటే అది పరీక్ష గురించి కాదు. నాకు ఎవరూ బ్యాటు ఇవ్వలేదు, నా కూతురికి ఇవ్వకూడదని నేనూ నేర్చేసుకున్నాను. ఎప్పుడు నేర్చుకున్నానో కూడా తెలీదు.

మీ నాన్నకి ఫోనియ్యి అన్నాను. రేపు పొద్దున్నే స్కూలుకెళ్లి సంతకం పెట్టు అన్నాను. అమ్మకి ఏం చెప్పను అన్నాడు నిమల్. ప్రసాదిని చెప్పిందని చెప్పు, నేను ఏడువేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాను, నన్నేం చేస్తుంది అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. స్కూలుకి సెలవులు కదా, ఫారం తీసుకెళ్లి సార్ ఇంట్లోనే ఇచ్చేస్తాను అన్నాడు.

మళ్లీ హిరుని వచ్చింది. ఇంకేమైనా అంటుందనుకున్నాను. అమ్మా, బంతి వదిలేటప్పుడు నీ ఎడమ మోకాలు వంగుతోంది, అందుకే కొన్ని పొట్టిగా పడుతున్నాయి, నిటారుగా పెట్టు అంది.

నడవాలో వేసి చూశాను. నిజమే.

డిసెంబర్ 25, బుధవారం

క్రిస్మస్. పొద్దున్నే పూజ. మధ్యాహ్నం మా ఊరు మొత్తం ఫోను తెర మీద కనిపించింది. పాలన్నం, పళ్లేలు, ఎవరి మొహమో సగం, ఎవరి చేయో. అందరూ ఒకేసారి మాట్లాడారు. నా కుర్చీలో మా ఆడబిడ్డ కొడుకు కూర్చుని ఉన్నాడు.

ఫోన్ పెట్టేశాక ప్రతి ఏడూ ఏడుస్తాను. ఈసారి మోకాలు నిటారుగా పెట్టి పది బంతులు వేశాను.

డిసెంబర్ 26, గురువారం, ఉదయం 6.30

పద్నాలుగు మందికి సూపు పొయ్యి మీద ఉంది.

అదే రోజు, మధ్యాహ్నం 1.40

పన్నెండుకి మొదలెట్టి ఒకటిన్నరకి అయిపోయింది. మేనల్లుడి భార్య స్వీటు ప్లేటులో పెట్టుకోబోతుంటే సిన్యోరా కాఫీ తెమ్మంది. పళ్లేలు మేనల్లుడు కడగాలట. ఆయన మొహం చూడలేకపోయాను. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే సిన్యోరా రెండు వారాల తర్వాత నాతో మాట్లాడింది. అవతలివాళ్ల సగటు ఎంత అంది. ఓవరుకి పది అన్నాను. అయితే ఆరుకి తగ్గించు, గెలుస్తావు అంది.

అదే రోజు, సాయంత్రం 7.00

గెలిచాం.

గెలిచాం, గెలిచాం. వరసగా రాస్తాను, లేకపోతే కలిసిపోతుంది.

మావాళ్లంతా మైదానంలోనే ఉన్నారు. నాలుగొందల మంది ఉంటారు. ఎనిమిది మంది జట్టు, ఆరు ఓవర్లు. టాస్ వాళ్లది. ముందు మమ్మల్ని ఆడమన్నారు, త్వరగా అయిపోతుందని. మా మొదటి ఇద్దరూ సున్నాకే పోయారు. ఎవరో ఈల వేసి, అన్నం మాడిపోతోంది, పోయి చూసుకోండక్కా అని అరిచాడు. దిలాని పద్దెనిమిది కొట్టింది. అడ్డంగా, కళ్లు మూసుకుని, ఎలాగైతేనేం కొట్టింది. మాగ్దలీన్ అక్క బ్యాటు కదపకుండా నిలబడింది. బంతే బ్యాటుకి తగిలి రెండు పరుగులొచ్చాయి. నేను మూడు. జీవితంలో మొదటిసారి మ్యాచ్‌లో బ్యాటు పట్టుకున్నాను, అది ఇంత బరువుంటుందనుకోలేదు. మొత్తం ముప్పై రెండు.

వాళ్లు ఆడటానికి వచ్చారు. మొదటి ఓవరు నాది. తొమ్మిది ఇచ్చాను. చెమటకి టేపు జారింది, మోకాలు మళ్లీ వంగింది. ఎమిల్ అన్న ఒకటి బస్సు షెడ్డు మీదకి కొట్టాడు. జనం లేచి గంతులేశారు. మిగతా నలుగురు అమ్మాయిలు నా కంటే బాగా వేశారు, ఆ మాట రాసి తీరాలి. తొందరపడి కొట్టబోయి వాళ్లవే నాలుగు వికెట్లు పడ్డాయి. ఐదు ఓవర్లకి ఇరవై ఎనిమిది. ఇంకో ఐదు కొడితే గెలుపు వాళ్లది, ఒక్క ఓవరుంది.

దిలాని బంతి తెచ్చి నాకిచ్చింది. ఒద్దన్నాను. మొదట్లో తొమ్మిదిచ్చాను, ఇంకెవరికైనా ఇవ్వు అన్నాను. కొండ వైపు నుంచి వెయ్యక్కా, గాలి ఇప్పుడే మొదలైంది అంది. పోయి వికెట్ల వెనక నిలబడింది. ఇంక నాతో వాదించడానికి ఎవరూ లేరు.

మొదటి బంతి పడి తిరిగింది, బ్యాటుకి తగల్లేదు. జనం కొంచెం సద్దుమణిగారు. రెండోది ఒక పరుగు. ఇప్పుడు ఎమిల్ అన్న నా ఎదురుగా. యాభై రెండేళ్లు, మీసం, తలకి రుమాలు. మూడోది రెండు పరుగులు తీశాడు. ఇంక రెండు చాలు వాళ్లకి, నాకు మూడు బంతులున్నాయి. ఆయన నా వైపు చూసి మెల్లగా తలాడించాడు, బాగానే వేశావమ్మా ఇక చాలు అన్నట్టు.

నాలుగోది చాలా ఎత్తుగా, చాలా నెమ్మదిగా వదిలాను. మా పెద్దన్న ఎప్పుడూ మోసపోయే బంతి అది. ఎమిల్ అన్నకి ఓపిక లేకపోయింది. ముందుకొచ్చి ఊపాడు. బంతి ఆయన బ్యాటు పక్కనుంచి, చెప్పకుండా వెళ్లిపోయే చుట్టంలా, జారిపోయింది. దిలాని వికెట్లు ఎగరగొట్టింది. ఆయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. బ్యాటు చంకలో పెట్టుకుని నడిచాడు.

ఐదోది కొత్తగా వచ్చిన కుర్రాడు గట్టిగా కొట్టాడు. నేరుగా మాగ్దలీన్ అక్క మోకాలి చిప్పకి. రెండిట్లో ఎక్కువ నొప్పున్న మోకాలే. ఆమె కూలబడింది, బంతి కూడా అక్కడే ఆగింది. పరుగు లేదు. అందరం పరిగెత్తాం. పొండి, పోయి ఎక్కడివాళ్లక్కడ నిలబడండి, అది ఎటూ పాడైన కాలే అంది. లేచింది.

ఆఖరిది. ఒకటి తీస్తే సమానం, రెండు తీస్తే గెలుపు. ఆ కుర్రాడు కళ్లతో ఖాళీ చోటు వెతుక్కుంటున్నాడు. మోకాలు, మోకాలు అనుకుంటూ వేశాను. కొట్టాడు. బంతి పైకి, బస్సు షెడ్డు కంటే పైకి లేచింది. కిందకి మాగ్దలీన్ అక్క వైపే వస్తోంది. ఆమె కదల్లేదు, కదలలేదు కూడా. రెండు చేతులూ పొట్ట దగ్గర కలిపి, మడిచిన కొంగులోకి కాయలు రాల్చుకునేదానిలా నిలబడింది. బంతి చేతుల్లో పడి, పొట్టకి కొట్టుకుని, గడ్డం కిందకి ఎగిరింది. గడ్డంతో అదిమిపట్టింది.

ఒక్క పరుగు తేడా.

నాకు తర్వాత సరిగ్గా గుర్తులేదు. మాగ్దలీన్ అక్క గడ్డం కింద బంతి వదలనంటే వదలనంది. నన్నెవరో ఎత్తారు. ఫోనులో మారవిల మొత్తం అరుస్తోంది. అత్తగారి గొంతు అందరికంటే పైన వినిపించింది, అది నా కోడలు అని పక్కింటివాళ్లకి చెబుతోంది.

నాలుగింటికి సెమీఫైనల్ ఓడిపోయాం. చాలా దారుణంగా ఓడిపోయాం, మూడు ఓవర్లలో అయిపోయింది. అయినా బయటికి వస్తుంటే జనం లేచి నిలబడ్డారు. ఏదో ఒక జట్టు కప్పు గెలిచింది. ఎవరో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

అన్నం పొట్లాలు మగవాళ్లే పంచారు. ఎమిల్ అన్న చేతుల మీద నూనె చిట్లిన మచ్చలు. నాకు ఆయనే తెచ్చిచ్చాడు. అన్నం పలుకు, పప్పు అడుగంటింది, కోడికూరలో కారం తప్ప ఏమీ లేదు. ఎలా ఉందని అడిగాడు. నేను నోరు విప్పేలోపల మాగ్దలీన్ అక్క, కాలు చాపుకుని మోకాలి మీద ఐసు పెట్టుకుని, ప్రాక్టీస్ చెయ్యండి, వచ్చే ఏటికి కుదురుతుంది అంది. ఎమిల్ అన్న తల వంచుకుని నవ్వాడు. మనస్ఫూర్తిగానే నవ్వాడు.

వెళ్లబోతూ ఆగాడు. జేబులోంచి ఆ నల్లటేపు బంతి తీసి నా ముందు పెట్టాడు. చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసి, మెల్లగా, ఆ నాలుగోది ఎలా పట్టుకున్నావు, ఒకసారి చూపించు అన్నాడు.

చూపించాను.

డిసెంబర్ 27, శుక్రవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చేయి భుజం దాటి లేవడం లేదు. పొద్దున నా జుట్టు సిన్యోరా దువ్వింది. జడ వంకరగా వచ్చింది. విప్పలేదు.